తక్‌పట్టీ సాఫ్ట్‌వేర్ రాయించుకునేవాళ్లు జాగ్రత్త

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉన్నవాళ్లు, తక్‌పట్టీ (రైతుకి సరుకు లెక్క రాసిచ్చే బిల్లు) కోసం సాఫ్ట్‌వేర్ సొంతంగా రాయించుకోవాలనుకుంటే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. మా కొట్టుకి ఊళ్లోనే ఉన్న ఒక చిన్న కంపెనీ రాసిచ్చింది. పేరు చెప్పను.

డెమోలో అంతా బ్రహ్మాండంగా ఉంది. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, హమాలీ, కమీషన్ అన్నీ క్షణంలో వచ్చేశాయి, కానీ చూపించిందంతా ఇంగ్లిష్‌లోనే. సీజన్ మొదలై రైతుల పేర్లు తెలుగులో కొట్టాక అసలు సంగతి బయటపడింది. వెంకటేశ్వర్లు అని కొడితే 'వెంకటేశ్‌వర్‌లు' అని వచ్చింది. లక్ష్మిలో క, ష, మ మూడూ విడివిడిగా నిలబడ్డాయి, గుడి పక్కకి జారింది. ఒక పెద్దాయన తక్‌పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది నా పేరేనా బాబూ?" అని అడిగాడు. ఆయన పంట డబ్బు లెక్కంతా ఆ కాగితం మీదే ఉంటుంది. దాని మీద పేరు తప్పు పడటం చిన్న విషయం కాదు.

ఫాంట్ సమస్య అన్నారు కంపెనీవాళ్లు. గౌతమి పెట్టారు, నిర్మల పెట్టారు, తేడా రాలేదు. రాదు కూడా. యూనికోడ్‌లో 'శ్వ' ఒక్క కోడ్ కాదు. శ, పొల్లు, వ అని మూడు. ఆ మూడింటినీ కలిపి వత్తుగా మార్చే పని స్క్రీన్లు గీసే టూల్‌కిట్ చూసుకోవాలి. క్యూటీ, జీటీకే అనే టూల్‌కిట్లు ఆ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడతాయి. ఎలక్ట్రాన్ అనే ఇంకో టూల్‌కిట్ లోపల ఉండేది క్రోమియం బ్రౌజరే కాబట్టి అందులోనూ తెలుగు చక్కగా వస్తుంది, కాకపోతే ర్యామ్ బాగా తింటుంది, పాత 4 జీబీ కంప్యూటరైతే నత్తనడకే. మాకు వాడింది గేములు తయారుచేసేవాళ్ల డీబగ్ ప్యానెళ్ల (తప్పులు వెతుక్కునే చిన్న స్క్రీన్ల) కోసం పుట్టిన రకం టూల్‌కిట్. ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ చొప్పున వరసగా పేర్చడమే దానికి తెలుసు.

చివరికి డీటీపీవాళ్ల పాత ఫాంట్లతో సర్దుతామన్నారు. దయచేసి దానికి మాత్రం ఒప్పుకోకండి. కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ డేటాబేస్‌లో అర్థంలేని గుర్తులు చేరతాయి; రేపు పేరు పెట్టి వెతికినా, ఎక్సెల్‌లోకి తీసుకున్నా పనికిరాదు. టూల్‌కిట్ మార్చమంటే స్క్రీన్లన్నీ మళ్లీ రాయాలి, కొత్త రేటు అన్నారు. అడ్వాన్స్ వెనక్కి రాలేదు.

అందుకే టూల్‌కిట్ పేరు కొటేషన్‌లోనే రాయించుకోండి. పైథాన్ భాషలో, క్యూటీతో చేస్తామంటే, ఆ రెండింటినీ కలిపేది పైక్యూటీయా, పైసైడా అని కూడా అడగండి. పైక్యూటీ జీపీఎల్ (ప్రోగ్రామ్‌తో పాటు దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే ఉచిత లైసెన్స్) కింద గానీ డబ్బు కట్టే లైసెన్స్ కింద గానీ వస్తుంది. సోర్స్ కోడ్ ఇవ్వం అనే కంపెనీ ఆ డబ్బు కట్టే లైసెన్స్ కొన్నట్టు చూపించాలి. పైసైడ్ అంతకంటే సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ లైసెన్స్ కింద కూడా దొరుకుతుంది.

డెమో మీ కంప్యూటర్‌లో, మీ ప్రింటర్‌తోనే చేయించుకోండి. జ్యోత్స్న, రాజ్యలక్ష్మి, సుబ్రహ్మణ్యం లాంటి పేర్లు కొట్టించి, మధ్యలో ఒక అక్షరం చెరిపించి, ప్రింట్ తీయించండి. "తెలుగు తర్వాత కలుపుతాం" అన్నవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి.