ఈ46 కూలింగ్ సిస్టమ్ ఎప్పుడు మార్చాలి: చెడిపోయాకా, మైళ్ళు చూసా, వయసు చూసా?

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఈ46 తరం 330ఐనో, ఎం3నో మోజుపడి కొనుక్కున్న మన తెలుగు మిత్రులు డాలస్‌లో ఎక్కడ కలిసినా నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కూలింగ్ సిస్టమ్ మొత్తం ఒకేసారి మార్చెయ్యాలా, ఏది పోతే అది మార్చుకుంటూ పోతే సరిపోతుందా?" ఈ తరంలో చివరి కార్లు 2006లో తయారయ్యాయి కాబట్టి, వాటిలో అన్నిటికన్నా కొత్తది కూడా ఇప్పుడు పాత కారే. వరుసగా ఆరు సిలిండర్లు ఉండే ఆ ఇంజిన్‌కు ఇంకా ఎన్నో ఏళ్ళు పరిగెత్తే సత్తా ఉంది. దాన్ని చల్లగా ఉంచే ప్లాస్టిక్ భాగాలకు మాత్రం అంత ఆయుష్షు లేదు. నా దగ్గరున్నది 2004 నాటి 330ఐ జెడ్‌హెచ్‌పీ (పనితీరు పెంచే ప్యాకేజీతో వచ్చిన రకం), ఆరు గేర్ల మాన్యువల్. ఈ ప్రశ్నకు మొదట్లో నేను ఎంచుకున్న జవాబు తప్పని నడిరోడ్డు మీద తెలుసుకున్నాను కాబట్టి, ఈ పోలికను కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. ఒకటి, ఏ భాగం చెడితే ఆ భాగాన్ని మార్చుకోవడం. రెండు, ఈ కార్ల అభిమానుల్లో బాగా పాతుకుపోయిన లెక్క ప్రకారం ప్రతి 60,000 మైళ్ళకు, అంటే సుమారు 97,000 కిలోమీటర్లకు, మొత్తం మార్చెయ్యడం. మూడు, మైళ్ళ కన్నా ముఖ్యంగా భాగాల వయసును బట్టి మార్చడం.

మొదటి మార్గాన్ని తెలివితక్కువ పనిగా కొట్టిపారెయ్యలేను. పనిచేస్తున్న వస్తువును తీసి పారెయ్యడానికి మనసొప్పకపోవడం సహజం. ఆల్టర్నేటరో స్టార్టరో చెడిపోతే కారు ఆగిపోతుంది, అంతకుమించి నష్టం ఉండదు. కూలింగ్ సిస్టమ్ దగ్గర మాత్రం ఆ లెక్క చెల్లదు, ఎందుకంటే ఇక్కడ చెడిపోయే భాగం ధర వేరు, అది చెడిపోతూ తనతోపాటు పాడుచేసేదాని ధర వేరు. 330ఐలో ఉన్న ఎం54 ఇంజిన్‌కు పైభాగమైన హెడ్‌తో పాటు సిలిండర్లుండే బ్లాక్ కూడా అల్యూమినియమే. అది ఒక్కసారి గట్టిగా వేడెక్కిందంటే హెడ్ వంగడం, ఆ రెండింటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోవడంతో ఆగకపోవచ్చు. హెడ్ బోల్టులను పట్టుకుని ఉండే మరలు బ్లాక్‌లోంచే ఊడివచ్చే ప్రమాదం ఉంది. అక్కడిదాకా వస్తే రిపేరు ఖర్చు కారు ధరను దాటిపోతుంది.

ముల్లు చూసుకుంటూ నడుపుతాం కదా, వేడెక్కితే వెంటనే ఆపేస్తాం కదా అని కొందరంటారు. ఈ46 మీటరులోని ఉష్ణోగ్రత ముల్లును అంతగా నమ్మకూడదు. నడిపేవారు ఊరికే కంగారుపడకుండా ఉండాలని, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దాదాపు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర్నుంచి 110 దాటేదాకా ముల్లు సరిగ్గా మధ్యలోనే కదలకుండా నిలబడేలా దాన్ని అమర్చారు. అది కుడివైపుకు జరిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పైగా కూలెంట్ ఒక్కసారిగా కారిపోతే సెన్సర్ చుట్టూ ఉండేది ద్రవం కాదు, ఆవిరో గాలో. అప్పుడు అది చెప్పే ఉష్ణోగ్రతకు విలువ ఉండదు. అసలు అంకెను చూడాలంటే మీటరులోని రహస్య మెనూలో ఏడో పరీక్షను తెరవాలి, దానికి ముందు వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) చివరి ఐదు అంకెలను కూడగా వచ్చిన సంఖ్యతో ఆ మెనూ తాళం తియ్యాలి. ఈ కారున్న ప్రతి ఒక్కరూ ఒకసారైనా ఆ పని చేసి, తమ ఇంజిన్ మామూలుగా ఎంత వేడి మీద నడుస్తుందో తెలుసుకోవాలని నా కోరిక.

రెండో మార్గంలో ఉన్న గొప్ప సుగుణం దాని సూటిదనం. ఓడోమీటర్ చూడడం, సమయం వచ్చినప్పుడు మార్చెయ్యడం. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగే రోజుల్లో 60,000 మైళ్ళంటే ఐదేళ్ళు కాబట్టి ఆ లెక్క సరిగ్గానే పనిచేసింది. ఇప్పుడు ఈ కార్లు చాలావరకు శని, ఆదివారాల్లోనే బయటికి వస్తున్నాయి. నేను ఏడాదికి 4,000 మైళ్ళకు మించి తిరగను. అదే సూత్రం పట్టుకుంటే నా వంతు పదిహేనేళ్ళకు గాని రాదు. లోహపు బేరింగుకు మైళ్ళ లెక్క సరిపోవచ్చు కానీ, ప్లాస్టిక్‌కు సరిపోదు. వేడికి పొంగే కూలెంట్‌కు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకును బోర్లించి చూస్తే దాని ఒంటి మీద పీఏ66-జీఎఫ్30 అని అచ్చు కనిపిస్తుంది. అంటే ముప్పై శాతం గాజు పోగులు కలిపిన నైలాన్. వేడి నీరు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కలిసి ఆ నైలాన్ గొలుసులను ఏళ్ళ తరబడి లోపలినుంచి కొరికేస్తాయి. బానెట్ కింద వేడెక్కడం, చల్లారడం అనే చక్రాలు దాన్ని మరింత పెళుసు చేస్తాయి. కారు పది మైళ్ళు వెళ్ళినా, వంద మైళ్ళు వెళ్ళినా ఆ చక్రం ఒకటే. అందుకే తక్కువ తిరిగిన పాత కారు కొన్నవారి కళ్ళను ఓడోమీటర్ సులువుగా మోసగిస్తుంది.

నా విషయంలో జరిగిందీ అదే. 2020లో ఈ కారు కొన్నప్పుడు 71,000 మైళ్ళు తిరిగి ఉంది, పాత యజమాని ఇచ్చిన బిల్లుల్లో 58,000 మైళ్ళ దగ్గర "కూలింగ్ పని" చేయించినట్టు ఉంది. మైళ్ళ లెక్క ప్రకారం నేను నిశ్చింతగా ఉండవచ్చు. మర్నాటి వేసవిలో బిల్లును జాగ్రత్తగా చదివితే, వాటర్ పంప్, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే కవాటం) మాత్రమే మార్చారని అర్థమైంది. టార్చిలైటు వేసి ట్యాంకును చూశాను. అచ్చుపోసిన ప్లాస్టిక్ వస్తువుల మీద గడియారంలాంటి చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది: చుట్టూ నెలల అంకెలు, మధ్యలో ఏడాది, ఒక బాణం గుర్తు. నా ట్యాంకు మీద ఏడాది స్థానంలో 04 అని ఉంది. అతుకు వెంట వేలు పోనిస్తే సన్నటి గీత తగిలింది.

ట్యాంకు ఒక్కటే మార్చాను. అక్కడే పొరపాటు చేశాను. ట్యాంకు తియ్యడానికి చోటు కోసం రేడియేటర్ పై గొట్టాన్ని ఊడదీసి, తిరిగి అదే గొట్టాన్ని బిగించాను. ఆ గొట్టం చివర కూడా ప్లాస్టిక్ బిగింపే ఉంటుంది, అదీ 2004 నాటిదే. రెండు నెలలు గడిచాక, ఆగస్టు మధ్యాహ్నం హ్యూస్టన్ వెళ్తుండగా ఐ-45 మీద కార్సికానా దాటాక, ఏసీ గాలిలోంచి తియ్యటి వాసన వచ్చింది, మరుక్షణం కూలెంట్ దీపం వెలిగింది. ముల్లు మాత్రం సరిగ్గా మధ్యలోనే ఉంది. వెంటనే పక్కకు తీసి ఆపేశాను కాబట్టి ఇంజిన్ దక్కింది. ఏడేళ్ళ కొడుకుతో రోడ్డు పక్కన ఎండలో గంటన్నర నిలబడ్డాను. ఆ గొట్టం బిగింపు రెండు ముక్కలై, విరిగిన అంచు పొడి బిస్కట్టులా రాలుతోంది. ట్యాంకు మార్చేటప్పుడు నేను దాన్ని కదిలించడం వల్లే అది అంత త్వరగా పోయిందని నా నమ్మకం. విడివిడిగా మార్చడంలో నాకు కనిపించిన అసలు లోపం ఇది: కొత్త భాగాన్ని పెట్టే ప్రతిసారీ దాని పక్కనున్న పెళుసు భాగాన్ని మన చేతులతోనే ఒత్తుతాం, లాగుతాం, మెలిపెడతాం. పైగా ప్రతిసారీ సుమారు ఎనిమిది లీటర్ల కూలెంట్ దించాలి, మళ్ళీ నింపి లోపల చిక్కిన గాలి తియ్యాలి.

అందుకే నా మొగ్గు మూడో మార్గం వైపే: ఎనిమిదేళ్ళకు ఒకసారి, లేదా 80,000 మైళ్ళకు, ఏది ముందు వస్తే దానికి, మొత్తం ఒకేసారి. కొత్తగా కొన్న కారు భాగాల వయసు తెలియకపోతే ఆ వారమే. మొత్తం అంటే రేడియేటర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, మూత, పై గొట్టం, కింది గొట్టం, థర్మోస్టాట్, వాటర్ పంప్, బెల్టులు, పుల్లీలు. ఇవన్నీ ఒకే తీరుగా చెడవు. ఎం54లో 97 డిగ్రీల థర్మోస్టాట్ సాధారణంగా తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుంటుంది. ఇంజిన్ చల్లగా నడుస్తుంది, హైవే మీద ముల్లు మధ్యకు ఎడమగా ఉండిపోతుంది, ఇంజిన్‌కు అప్పటికప్పుడు ముప్పు లేదు. పంప్ బేరింగ్ చాలాసార్లు ముందుగా మూలుగుతుంది, లేదా చుక్కలు కారుస్తుంది. ట్యాంకు, గొట్టం బిగింపులు, రేడియేటర్ మెడ (గొట్టం తగిలించే చోటు) మాత్రం ఏ కబురూ పెట్టకుండా ఒక్కసారిగా పోతాయి. మూత మీద 2 బార్ అని ఉంటుంది. ఆ ఒత్తిడి ఉన్నంతవరకే కూలెంట్ మరగకుండా ఉంటుంది, ట్యాంకు చీలిన క్షణంలో ఒత్తిడి పోయి అక్కడికక్కడే మరుగుతుంది. డబ్బు చాలక మొత్తం చెయ్యలేనివారు ముందు ట్యాంకు, గొట్టాలు, రేడియేటర్, ఈ మూడింటినీ మార్చాలని నా సలహా. ఒక్క మినహాయింపు: మాన్యువల్ కార్లలో ఫ్యాన్ నేరుగా పంప్ ఇరుసు మీదే తిరుగుతుంది కాబట్టి, బేరింగ్ బాగా ఊగితే ఫ్యాన్ రెక్కలు కొత్త రేడియేటర్‌నే చీల్చగలవు. అలాంటి కారులో పంప్‌ను వాయిదా వెయ్యకూడదు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. నాకు విడిభాగాలకు 540 డాలర్ల దాకా అయింది, పని రెండు రోజులు సొంతంగా చేసుకున్నాను. పని కష్టమైనది కాదు, ఓపిక కోరేది. ఫ్యాన్ పట్టుకున్న 32 మిల్లీమీటర్ల నట్టు మర తిరగేసి ఉంటుంది, సవ్య దిశలో తిప్పితేనే వదులవుతుంది. పాత పంప్ రాకపోతే సుత్తితో కొట్టనక్కర్లేదు, దానిలోనే ఉన్న రెండు మర రంధ్రాల్లో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే బయటికి వస్తుంది. చివర్లో ఇగ్నిషన్ వేసి, హీటర్ వేడిని గరిష్ఠానికి, గాలిని కనిష్ఠానికి పెట్టి, గాలి తీసే స్క్రూలోంచి బుడగలు ఆగేదాకా నెమ్మదిగా కూలెంట్ పొయ్యాలి. ఆ స్క్రూ కూడా ప్లాస్టిక్‌దే, గట్టిగా బిగిస్తే తల విరుగుతుంది.

పూర్తి అల్యూమినియం రేడియేటర్, అల్యూమినియం ట్యాంకు వేసుకోవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. ట్రాక్ మీద నడిపేవారికి అర్థముంది, వీధుల్లో నడిపేవారికి మంచి తయారీదారు ప్లాస్టిక్ భాగాలు ఎనిమిదేళ్ళు హాయిగా వస్తాయి. ఎం3లోని ఎస్54 ఇంజిన్ బ్లాక్ ఇనుపది కాబట్టి కొంత గట్టిది, కానీ హెడ్ అల్యూమినియమే, ట్యాంకు ప్లాస్టిక్కే. దానికీ ఇదే లెక్క వేసుకోండి.

హైదరాబాద్ నుంచి అడిగే మిత్రుల దగ్గర ఎక్కువగా ఉన్నది ఆ తరువాతి ఈ90, ముఖ్యంగా 325ఐ. అందులో పంప్ విద్యుత్తుతో నడుస్తుంది. కారడం, మూలగడం వంటి సూచనలు లేకుండానే ఆగిపోవడం దాని స్వభావం. అందువల్ల అక్కడ వయసు లెక్క మరీ అవసరం, పంప్‌తో పాటే థర్మోస్టాట్ కూడా మార్చెయ్యాలి. కూలెంట్ తగ్గిందని పెట్రోలు బంకులో బోరు నీళ్ళు పోసే అలవాటు మాత్రం దయచేసి మానుకోండి. ఆ నీళ్ళలోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుపోతుంది. సరైన కూలెంట్, డిస్టిల్డ్ నీరు సగం సగం కలిపి ఒక సీసా డిక్కీలో ఉంచుకుంటే చాలు.

నా కారు బానెట్ లోపలివైపు తెల్ల టేపు మీద 2021 సెప్టెంబర్ అని, దాని కింద 2029 అని రాసి అంటించాను. రేపు ఈ కారు ఎవరు కొన్నా, బిల్లుల కట్ట విప్పకుండానే వారికి అది కనిపిస్తుంది.