వాలెంటినీ పఫరా, బఠాణీ పఫరా?

నల్గొండలో పఫర్ చేపను (బెదిరితే ఒళ్లు బుడగలా ఉబ్బించుకునే చేప) ఇంట్లో తొట్టిలో పెంచాలనుకునేవాళ్లు ముందు ఆగేది ఇక్కడే.

వాలెంటినీది హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో కాపురం. 11 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తెల్లటి ఒంటి మీద నల్ల పట్టీలు, చర్మంలో విషం. ఆ విషానికి జడిసి పెద్ద చేపలు దీని జోలికి రావు. అందుకే విషం లేని ఇంకో చేప అచ్చం దీనిలాగే కనిపిస్తూ బతికిపోతుంది!
బఠాణీ పఫర్ కేరళ, కర్ణాటక మంచినీటి చేప. 3 సెంటీమీటర్లు ఉంటే గొప్ప.

ఖర్చు: వాలెంటినీకి సముద్రపు ఉప్పు, మన ఎండలకు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం). బఠాణీకి మొక్కలున్న చిన్న తొట్టి చాలు.
శ్రమ: రెండింటికీ పళ్లు పెరుగుతూనే ఉంటాయి, అవి అరగడానికి నత్తలు వేయాల్సిందే.
రిస్క్: మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నేరుగా పోయకండి. కరెంటు పోతే వాలెంటినీతోనే ఎక్కువ టెన్షన్.

మొదటిసారైతే బఠాణీ తీసుకోండి, అదీ తొట్టిలో పుట్టి పెరిగిందే. ఉప్పునీటి తొట్టి ఇప్పటికే నడుపుతూ, అందులో పగడాలు పెంచనివాళ్లకు వాలెంటినీ; పగడాలుంటే కొరికేస్తుంది.