విండ్సర్‌లో ఉండిపోవడమా, వ్యుర్టెంబర్గ్‌కు వెళ్లిపోవడమా?

బ్రిటన్ రాజు మూడవ జార్జికి కూతుళ్లు ఆరుగురు. వాళ్లంటే ఆయనకు ప్రాణం. అందుకేనేమో, అత్తవారింటికి పంపడానికి మనసొప్పేది కాదు. 1772 నాటి రాజవివాహ చట్టం ప్రకారం పెళ్లికి ఆయన అనుమతీ కావాలి.

పెద్దకూతురు షార్లెట్ 1797లో, 30 ఏళ్ల వయసులో, జర్మన్ సంస్థానమైన వ్యుర్టెంబర్గ్ యువరాజు ఫ్రెడరిక్‌ను పెళ్లాడి బయటపడింది. ఇల్లలకగానే పండగ కాలేదు. వరుడు భారీకాయుడు, రెండో పెళ్లివాడు. ఆమె కన్న ఒక్క బిడ్డా మృతశిశువే. భర్త బ్రిటన్ శత్రువైన నెపోలియన్ పక్షం చేరి 1806లో రాజయ్యాడు. ఉత్తరాల్లో ఆమెను రాణి అనడానికి కన్నతండ్రే ఒప్పుకోలేదు. మళ్లీ ఇంగ్లండ్ చూసేసరికి 1827. అప్పటికి తల్లిదండ్రులిద్దరూ లేరు.

రెండో కూతురు అగస్టా రాజకుటుంబం ఉండే విండ్సర్ కోటలోనే ఉండిపోయింది. తల్లి వెంట నడక, కుట్టుపని, పుస్తకం చదివి వినిపించడం, మర్నాడు మళ్లీ అదే. ఆ బతుకును అక్కచెల్లెళ్లే సన్యాసినుల మఠమని ఎగతాళి చేసుకునేవారు. 1812లో, 43 ఏళ్లకు, మనసిచ్చినవాణ్ని పెళ్లాడనివ్వమని జబ్బుపడిన తండ్రి బదులు రీజెంటుగా పాలిస్తున్న అన్నకు ఉత్తరం రాసింది. లోకమెరిగిన పెళ్లి మాత్రం జరగలేదు. 43 ఏళ్ల మనిషి అన్నను అడగడమేమిటో!

నన్నడిగితే షార్లెట్ దారే నయం. పెంచడానికి సవతికూతురు, తనదనుకోవడానికి ఒక ఇల్లు, అవైనా ఆమెకు దక్కాయి.