వాలొరెంట్‌లో కొత్తవాళ్లకి ఎక్కడ దెబ్బ పడుతుంది?

రాయట్ సంస్థ తెచ్చిన ఆన్‌లైన్ షూటింగ్ ఆట వాలొరెంట్‌లో డబ్బు పెట్టి బలం కొనలేం. ఖరీదైన స్కిన్ (పైపై అలంకరణ) వేసిన వాండల్ రైఫిల్ అయినా, ఏదీ వేయని వాండల్ అయినా తలకి తగిలితే 160 డ్యామేజే. మరి పాతకాపులు ఎందుకు గెలుస్తారు? గురి ఒక్కటే కారణం కాదు. మ్యాచ్‌లో ఆయుధాలు కొనే డబ్బుని, అంటే క్రెడిట్లని, ఎప్పుడు దాచాలో వాళ్లకి తెలుసు.

మొదటి రౌండ్‌లో 800 క్రెడిట్లూ ఖర్చుపెట్టి ఓడిపోయారనుకుందాం. ఓడిన జట్టుకి 1900 వస్తాయి. రెండో రౌండ్‌లో ఏమీ కొనకుండా ఉంటే, ఓడినా మరో 2400 కలిసి 4300 అవుతాయి. మూడో రౌండ్‌కి వాండల్ 2900, హెవీ షీల్డ్ 1000 పోగా ఇంకా 400 మిగులుతాయి. కొత్తవాళ్లు అక్కడ ఆగలేక 1600 పెట్టి స్పెక్టర్ అనే చిన్న తుపాకీ కొంటారు, ఓడతారు, మూడో రౌండ్‌కి 2700తో దిగుతారు. వాండల్ కూడా రాదు. కొనే ముందు షాపులో వచ్చే రౌండ్‌కి కనీసం ఎంత ఉంటుందో చూపించే అంకె ఉంటుంది. అది 3900 దాటేలా చూసుకుంటే చాలు.

విచిత్రం ఏమిటంటే, ఈ లెక్క నేర్పాల్సిన చోట ఆట నేర్పదు. ర్యాంకులిచ్చే కాంపిటీటివ్ మోడ్‌కి అకౌంట్ లెవెల్ 20 కావాలి. చాలామంది ఆ లెవెల్స్‌ని స్విఫ్ట్‌ప్లే అనే పొట్టి మోడ్‌లో లాగించేస్తారు. అందులో ఏ రౌండ్‌కి ఎన్ని క్రెడిట్లో ఆటే ముందుగా నిర్ణయించి ఇచ్చేస్తుంది. పొదుపు అలవాటు కానే కాదు. లెవెల్స్ కోసం ర్యాంకు లేని పూర్తి మ్యాచ్, అన్‌రేటెడ్, ఆడటమే మంచిది, ఓడినా సరే.

అన్‌రేటెడ్‌లో తలనొప్పి వేరే ఉంది. పార్టీకి (కలిసి ఆడే స్నేహితుల గుంపుకి) ర్యాంక్ హద్దు లేదు కాబట్టి పై ర్యాంకు డైమండ్ ఆటగాడు అడుగు ర్యాంకు ఐరన్ స్నేహితుణ్ణి వెంటేసుకుని వచ్చేస్తాడు. కాంపిటీటివ్‌లో ఇది కుదరదు: ఐరన్, బ్రాంజ్ వాళ్లు సిల్వర్ దాకా, సిల్వర్ వాళ్లు గోల్డ్ దాకా మాత్రమే కలిసి ఆడగలరు. నలుగురి పార్టీకి అసలు అనుమతే లేదు. ఐదుగురైతే ఏ ర్యాంకులైనా కలవొచ్చు గానీ, తేడా పెరిగేకొద్దీ గెలిచినా వచ్చే ఆర్‌ఆర్ (ర్యాంకు పాయింట్లు) తగ్గుతుంది. న్యాయం విషయంలో ర్యాంక్ ఆటే నయం. అయితే చిన్న ర్యాంకుల్లో దొంగచాటుగా తిరిగే స్మర్ఫ్ అకౌంట్ల (ఆరితేరినవాళ్ల రెండో ఖాతాల) బెడద అక్కడా పూర్తిగా పోలేదు.

ఏజెంట్ల (మనం ఆడించే పాత్రల) విషయంలో మాత్రం రాయట్ పిసినారే. ఒక్కో ఏజెంట్‌కి 8000 కింగ్‌డమ్ క్రెడిట్లు; ఇవి రౌండ్‌లో వాడే క్రెడిట్లు కావు, వేరే. రోజువారీ చెక్‌పాయింట్లు నాలుగూ పూర్తిచేస్తే 600 వస్తాయి, మ్యాచ్‌లో వచ్చేవి అదనం. పోగేసుకోవచ్చులే అనుకుంటే పరిమితి 10,000, అంతకుమించి నిల్వ ఉండవు. కొత్త ఖాతాకి ఉచితంగా వచ్చేవాళ్లలో జెట్ అనే ఏజెంట్‌ని చూసి మోజుపడకండి. బ్రిమ్‌స్టోన్ అనే ఏజెంట్‌ని తీసుకుంటే చూపుకి అడ్డుపడే పొగ తెరలని (స్మోక్‌లని) మ్యాప్ మీద నొక్కి వేసేయొచ్చు, చేయి తిరగకపోయినా జట్టుకి పనికొస్తారు.