కీటక నిరోధక వల: నాలుగు చలికాలాల పెరటి అనుభవం

గడ్డకట్టే చలి లేని ప్రాంతంలో పెరటి తోటకు చలికాలమే మంచి కాలమని అందరూ అంటారు, అది నిజమే. పగలు 25 డిగ్రీలు, రాత్రి 12 డిగ్రీల దరిదాపుల్లో ఉండే వాతావరణం క్యాబేజీకి, క్యాలీఫ్లవర్‌కు, పాలకూరకు, ముల్లంగికి చక్కగా సరిపోతుంది. అయితే ఆ వాతావరణంలో పురుగులు కూడా చనిపోవు. తీవ్రమైన చలి వాటి సంతతిని చాలావరకు తెంచేస్తుంది గాని, తేలికపాటి చలి వాటి ఎదుగుదలను నెమ్మదింపజేసి ఊరుకుంటుంది. మందు చల్లకుండా ఆకు తినాలన్న పట్టుదలతో నాలుగేళ్ల కిందట నేను కీటక నిరోధక వల కొన్నాను. అప్పటి నుంచి ప్రతి చలికాలంలోనూ వాడుతున్నాను కనుక, దాని మంచి చెడులను రెండింటినీ చెప్పగలననుకుంటున్నాను.

నేను తీసుకున్నది 40 మెష్ రకం, అంటే అంగుళానికి 40 దారాల చొప్పున నేసిన తెల్లని పాలిథిలిన్ వల. దాని కన్నాలు అర మిల్లీమీటరు కంటే చిన్నవి. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న మడి మీద అర అంగుళం పీవీసీ గొట్టాలను విల్లులా వంచి, నడుమ రెండున్నర అడుగుల ఎత్తు ఉండేలా గుచ్చి, వాటి మీద వల పరిచాను. ఇంత ఎత్తుకు 9 అడుగుల వెడల్పు వల ఉంటేనే రెండు పక్కలా ఒక్కో అడుగు నేల మీద పరుచుకుంటుంది. మొదటిసారి 7 అడుగుల వల తెచ్చి అంచులు లాగి కట్టాను. గాలి వీచిన ప్రతిసారీ ఒక పక్క పైకి లేచేది. కొనేటప్పుడు మడి వెడల్పును కాదు, గొట్టపు వంపు పొడవును కొలుచుకోవాలి.

వల అసలు ప్రయోజనం క్యాబేజీ జాతి పంటల్లో కనిపించింది. వజ్రపు రెక్క పురుగు ఆకు మీద గుడ్లు పెడితే, వాటి నుంచి వచ్చిన చిన్న పురుగులు ఆకు అడుగు భాగాన్ని గీకి తిని, పైపొరను మాత్రం పల్చని అద్దంలా మిగులుస్తాయి. వల వేయని మడిలో అలాంటి మచ్చలు లేని మొక్క ఒక్కటి కూడా లేని రోజుల్లో, వల కింద ఉన్న మడిలో ఆకులు చెక్కుచెదరకుండా నిలిచాయి. నాలుగు చలికాలాల్లోనూ ఈ తేడా మారలేదు. అయితే నారు నాటిన రోజే వల వేయాలి. వారం ఆలస్యం చేసిన ఏడాది గుడ్లు అప్పటికే లోపల ఉన్నాయి.

రెండో చలికాలంలో నేను చేసిన పొరపాటు ఇంతకంటే పెద్దది. ముందు పంటను పొగాకు లద్దె పురుగు తిన్న మడిలోనే, మట్టిని సరిగా తిరగేయకుండా క్యాబేజీ నాటి వల కప్పాను. ఆ పురుగు మట్టిలోనే కోశస్థ దశ, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ, గడుపుతుంది. కొన్నాళ్లకు రెక్కల పురుగులు వల లోపలే బయటికి వచ్చి, ఎటూ పోలేక అక్కడే గుడ్లు పెట్టాయి. వల బయటి పురుగును ఆపుతుంది, లోపలి పురుగుకు అదే కోట అవుతుంది. ఇప్పుడు మడిని మార్చి మార్చి వాడుతున్నాను. మట్టిని తిరగేసి, పది రోజులు ఎండనిచ్చిన తరువాతే కప్పుతున్నాను.

పేనుబంక విషయంలో కూడా ఇదే ఇబ్బంది. చలికాలంలో ఈ పురుగు మగ తోడు లేకుండానే నేరుగా పిల్లలను కంటుంది కాబట్టి, నారుతో ఒక్కటి లోపలికి వచ్చినా రెండు మూడు వారాల్లో లేత ఆకు అడుగంతా నిండిపోతుంది. బయట ఉన్న మొక్క మీదైతే అక్షింతల పురుగులు వచ్చి వాటిని తినేసేవి. ఆ మిత్రులను కూడా వల అడ్డగించింది. అందుకే నాటే ముందు ప్రతి నారు మొక్కనూ తలకిందులు చేసి ఆకు అడుగు చూస్తాను, వారానికి ఒకసారి వల ఎత్తి పరిశీలిస్తాను, పేనుబంక కనిపిస్తే ఆ రోజు నుంచి వల తీసే ఉంచుతాను.

తడి గురించి కొంత జాగ్రత్త అవసరం. చలికాలపు రాత్రి మంచు వల మీద, ఆకుల మీద పట్టి, గాలి ఆడని చోట పొద్దెక్కేదాకా ఆరదు. నారు దశలో ఈ తడి నారుకుళ్ళును, తరువాత ఆకుమచ్చలను పెంచుతుంది. నీరు ఉదయమే, మొదళ్లకు మాత్రమే పోస్తాను. ఎండ తక్కువ కాబట్టి మట్టి ఆరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పైన అంగుళం మట్టి పొడిబారితేనే మళ్లీ పోస్తాను. పగటి వెలుతురు తక్కువగా ఉండే కాలం కనుక దుమ్ము పట్టిన వల ఇంకొంత వెలుతురును తినేస్తుంది. నెలకోసారి సాదా నీటితో కడిగితే సరిపోతుంది.

ఏ పంటకు అవసరం, ఏ పంటకు అనవసరం అన్నది నాకు మూడో ఏటికి గాని తెలియలేదు. క్యాబేజీ, క్యాలీఫ్లవర్‌లకు తప్పక వేస్తాను. పాలకూరకు వేస్తే మేలే. బఠాణీకి పరాగ సంపర్కం తన పువ్వులోనే జరిగిపోతుంది కనుక వల కిందనే కాస్తుంది గాని, దానికి అంత అవసరం కనిపించలేదు. కొత్తిమీరకు, క్యారెట్‌కు వేయడం మానేశాను. దోస, గుమ్మడి వంటి తీగలకు తేనెటీగలు రావాలి కనుక పూత మొదలైన రోజే వల తీసేయాలి, లేకుంటే పిందెలు రాలిపోతాయి.

మన్నిక విషయానికి వస్తే, గొట్టాలకు రాసుకునే మడతల దగ్గర మూడో ఏట చిరుగులు మొదలయ్యాయి. అదే దారపు చిన్న ముక్కతో కుట్టి ఒక చలికాలం నెట్టుకొచ్చాను. మిగతా భాగం ఎండకు కొంత పెళుసెక్కినా ఇంకా పట్టుగానే ఉంది. తగిన పంటకు, తగిన మడిలో వేసేవారికి మాత్రం ఈ వలను మనస్ఫూర్తిగా సూచిస్తాను. వేసి మరిచిపోదామనుకునేవారికి సూచించలేను. ఈ ఏడాది పెద్ద మడికి కొత్త వల కొన్నాను, పాతదాన్ని అడుగున్నర ముక్కలుగా కత్తిరించి నారు ట్రేలపై కప్పుతున్నాను.