తామరకి ఆ ‘మూలికల’ క్రీమ్ కొంటున్నారా? ఆగండి

ఏ క్రీమ్ గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఇప్పటికే అర్థమయ్యే ఉంటుంది. ఆకుపచ్చ మూత, డబ్బా మీద ఆకుల బొమ్మ, ‘నూటికి నూరు శాతం మూలికలు, స్టెరాయిడ్ లేదు’ అని పెద్ద అక్షరాలు. ‘ఒక్క రాత్రిలో దురద మాయం’ అంటూ ఫోన్ తెరిచిన ప్రతిసారీ ఎదురొచ్చే ప్రకటన. పేరు రాయను. రాస్తే ఈ పోస్టు తీయించేస్తారు, ఆ పని మాత్రం వాళ్లకి బాగా వచ్చు.

ముందు సంగతి పెద్దగా ఏమీ లేదు. ఉక్కపోత రోజుల్లో నడుం దగ్గర ఎర్రటి మచ్చ వచ్చింది. గుండ్రంగా పెరిగింది, అంచున పొట్టు, మధ్యలో చర్మం దాదాపు మామూలుగానే ఉంది. తామర అని ఎవరైనా చెప్పేస్తారు. డాక్టర్‌కి చూపించుకోవడానికి కొంచెం సిగ్గు, బోలెడంత బద్ధకం. క్రీమ్ తెప్పించాను. నిజంగానే మొదటి రాత్రికే దురద పోయింది, ఎరుపు తగ్గింది. ఆ సంతోషంలో ఐదు నక్షత్రాలిచ్చి రివ్యూ కూడా రాశాను. పైగా మా చెల్లెలి కొడుక్కి ఇలాంటిదే మచ్చ వచ్చిందంటే ఒక డబ్బా పంపాను. మిగతా అంతా మర్చిపోతానేమో గానీ ఈ ఒక్కటీ మర్చిపోలేను.

ఆ తర్వాత రాస్తే పోవడం, ఆపితే రావడం. వచ్చిన ప్రతిసారీ ముందుకన్నా పెద్దది. నడుం నుంచి గజ్జల్లోకి, తొడల మీదకి పాకింది, మా వారికి కూడా అంటుకుంది. ఉంగరంలా ఉండే అంచు చెరిగిపోయి, ఒక వలయంలో ఇంకో వలయం, మధ్యలో చిన్న చీము పొక్కులు. అసలు తామరలానే కనిపించడం మానేసింది. పేజీ వాళ్లకి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: ‘ఒంట్లో విషం బయటికి వస్తోందక్కా, మంచి లక్షణం, కోర్సు మధ్యలో ఆపకండి.’ దాని కిందే మూడు డబ్బాల ప్యాక్ లింకు. విషం బయటికి రావడం కాదు తమ్ముడూ, డబ్బాలోంచి లోపలికి పోయింది.

చివరికి స్కిన్ డాక్టర్‌ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మచ్చల కన్నా ముందు తొడ మీద చారలు చూశారు. ‘ఏం రాశారు?’ అని అడిగారు. మూలికల క్రీమ్ అన్నాను. ‘ఇది స్టెరాయిడ్ రాసిన చర్మం’ అన్నారు. చర్మం పలచబడింది, కింద ఎర్రటి సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి, చారలు పడ్డాయి. తామర మందులతో పోతుంది, ఈ చారలు మాత్రం పూర్తిగా పోవట. రంగు తగ్గుతుంది, గీత ఉంటుంది.

ఇంటికొచ్చి క్రీమ్ అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. అడిగింది ఒకటే: ఇందులో స్టెరాయిడ్ కలిపారా లేదా? డబ్బులు కూడా అడగలేదు.

కొనేదాకా నేను అక్కని. ఇప్పుడు మేడమ్‌ని అయ్యాను. ‘మీరు రోజూ సరిగ్గా స్నానం చేస్తారా మేడమ్? మీ ఇంట్లో బట్టలు శుభ్రంగా ఉతుకుతారా?’ అంటూ మొదలుపెట్టాడు. ఒళ్లు మండింది, అయినా వదల్లేదు. అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. ‘మీలాంటి వాళ్లు నెలలో ఒకరు తగులుతారు’ అన్నాడు. మళ్ళీ అడిగాను. అప్పుడు విసుగు పుట్టి, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు: ‘కాస్త కలపకపోతే దురద తగ్గదు మేడమ్. దురద తగ్గకపోతే పనిచేయలేదని మీరే తిడతారు. అందరూ కలుపుతారు.’

మరి డబ్బా మీద లేదని ఎందుకు రాశారు అన్నాను.

‘లేదని రాస్తేనే కదా మీరు కొన్నది’ అని పెట్టేశాడు.

ఆ మాట ఇంకా చెవిలో మోగుతోంది. తిట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. అతను అబద్ధం చెప్పలేదు చూడండి, ఆ ఒక్క వాక్యంలో మాత్రం పూర్తి నిజం చెప్పాడు. ఆ రాత్రి రెండో రివ్యూలో జరిగిందంతా రాశాను. తెల్లారేసరికి అది మాయం, నా నంబర్ బ్లాక్. మొదట్లో నేను రాసిన ఐదు నక్షత్రాల రివ్యూ మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. దాన్ని చూసి ఇంకెంతమంది కొంటున్నారో.

అసలు జరిగేదేమిటో డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. తామర శిలీంధ్రం చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌ని తిని బతుకుతుంది, మధ్య నుంచి బయటికి పాకుతూ పోతుంది కాబట్టే ఆ ఉంగరం ఆకారం. దురద, ఎరుపు మన శరీరం దానితో చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. మనకి హాయిగా ఉంటుంది, శిలీంధ్రానికి ఇంకా హాయి, అడ్డు లేదు కదా. రాయడం ఆపగానే శరీరం మేలుకుంటుంది, అప్పటికి శిలీంధ్రం బాగా పెరిగిపోయి ఉంటుంది. క్రీమ్ మానేస్తే విపరీతంగా తిరగబెట్టడం అందుకే, దాన్ని చూసి మనం ‘క్రీమే మంచిది’ అనుకుని మళ్ళీ రాస్తాం. వీళ్ల వ్యాపారమంతా ఈ ఒక్క తిరగబెట్టడం మీదే నడుస్తోంది. ఇదేమీ కొత్త విషయం కూడా కాదు. స్టెరాయిడ్ వల్ల రూపం మారిన తామరని వైద్యులు 1968లోనే వర్ణించి, టినియా ఇన్‌కాగ్నిటో అని పేరు కూడా పెట్టారు.

మందుల షాపులో దొరికే కలగాపులగం ట్యూబులదీ ఇదే కథ. క్లోబెటసాల్, బీటామెథసోన్ అని లేబుల్ మీద కనిపిస్తే అది స్టెరాయిడ్. పక్కన శిలీంధ్రం మందు, యాంటీబయాటిక్ కూడా ఉంటాయి, అన్నీ ఒకే ట్యూబులో. వాటి మీద పేరైనా రాస్తారు, చదివితే తెలుస్తుంది. నాకు క్రీమ్ అమ్మినవాడు అదీ రాయలేదు.

ఇప్పుడు తామర ముందులా తేలిగ్గా లొంగడం లేదని కూడా డాక్టర్ చెప్పారు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర శిలీంధ్రానికి 2020లో వేరే జాతిగా పేరు పెట్టారు. దక్షిణాసియాలో బాగా పాకి, ఇతర ఖండాలకి కూడా చేరింది. ఒక జన్యువులో మార్పు వల్ల వీటిలో చాలావాటి మీద టెర్బినాఫిన్ పనిచేయదు. ఒకప్పుడు తామర అంటే కళ్లు మూసుకుని ఇచ్చే మందు అది. ఇలాంటి మొండి శిలీంధ్రానికి నెలల తరబడి స్టెరాయిడ్ పూసి సేవ చేశాను నేను.

పరీక్ష చాలా చిన్నది. అంచు దగ్గరి పొట్టుని గీకి తీస్తారు, మధ్యలోంచి కాదు, ఎందుకంటే శిలీంధ్రం చురుగ్గా ఉండేది అంచులోనే. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మ కణాలు కరిగి, మైక్రోస్కోప్‌లో దారాల్లా శిలీంధ్రం కనిపిస్తుంది. కేఓహెచ్ పరీక్ష అంటారు. నా పొట్టులో గుబురుగా ఉన్నాయి. ఒక్కోసారి ఉన్నా కనిపించకపోవచ్చు, అప్పుడు కల్చర్‌కి, అంటే ల్యాబులో శిలీంధ్రాన్ని పెంచి చూడటానికి, పంపుతారు, దానికి వారాలు పడుతుంది. ఇంత చిన్న పరీక్ష ఉండగా నేను ఫోన్‌లో ఫొటోలు పోల్చుకుంటూ కూర్చున్నాను.

నాకు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ రాశారు, పైన పూతకి శిలీంధ్రం మందు మాత్రమే ఉన్న క్రీమ్. క్యాప్సూల్ కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి, ఎసిడిటీ మందుతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది ఇవ్వరు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో అసలు పడదు, నాకు ముందు లివర్ పరీక్ష చేయించారు. దయచేసి నేను పేరు రాశాను కదా అని తెచ్చుకుని మింగకండి. క్రీమ్ మచ్చ మీదే కాదు, అంచు దాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా కనీసం రెండు వారాలు. ఈ మందుతో మొదటి రాత్రి దురద పోలేదు. మెల్లగా, విసుగొచ్చేంత మెల్లగా తగ్గుతోంది. ఇప్పుడు నాకు ఆ మెల్లదనం మీదే నమ్మకం.

మా వారికీ ఒకేసారి వైద్యం మొదలైంది. ఒకరు మానేస్తే ఇంకొకరి నుంచి మళ్ళీ వస్తుందట. తువ్వాళ్లు వేరు చేశాం, లోదుస్తులు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తున్నాం, తడి బట్ట ఒంటి మీద ఉంచుకోవడం లేదు. చెల్లెలి కొడుకుని కూడా చూపించాం. పిల్లల చర్మంలోంచి స్టెరాయిడ్ ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుందట, కొన్నాళ్లు గమనిస్తూ ఉండాలన్నారు. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అన్నట్టు గుండ్రటి మచ్చ ప్రతిదీ తామర కాదు. ఎగ్జిమా, సొరియాసిస్ అలాగే కనిపిస్తాయి. శోభి కూడా శిలీంధ్రమే గానీ వేరే రకం, టెర్బినాఫిన్ మాత్రలు దానికి పనిచేయవు, వైద్యం పూర్తయినా చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, రంగు రాలేదని మళ్ళీ మళ్ళీ మందు కొనక్కర్లేదు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం ఏ క్రీమూ రాయకుండా వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి, అది కుష్ఠు అయ్యే అవకాశం ఉంది. కాలికి ముల్లు గుచ్చుకున్న చోట నెలల తర్వాత పులిపిరిలా పెరిగేది కూడా పూతమందు పని కాదు.

ఇక కొనేవాళ్లకి ఒకే మాట. తామర క్రీమ్ రాసిన రాత్రే దురద పూర్తిగా పోతే సంతోషపడకండి, అనుమానపడండి. లేబుల్ మీద మందుల పేర్లు, వాటి శాతాలు లేనిది ఎంత మంచి ఆకు బొమ్మ ఉన్నా ముట్టుకోకండి. ఇప్పటికే ఆ డబ్బా వాడుతున్నవాళ్లు కోపంతో పారేయకండి, డాక్టర్‌కి చూపించి ఎన్నాళ్ల నుంచి, ఎక్కడెక్కడ రాశారో చెప్పండి. గజ్జల్లో రాశామని చెప్పడానికి సిగ్గుపడకండి, ఆవిడ ముందు చూసేది అక్కడే.