విండోస్ వైఫై ప్రొఫైల్‌లో ‘మీటర్డ్’ మీట: నాలుగేళ్లు వాడాక నా మాట

విండోస్ సెట్టింగ్స్ అన్నిటిలో నీకు బాగా నచ్చింది ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను: వైఫై ప్రొఫైల్ లోపల ఉండే ‘మీటర్డ్ కనెక్షన్’ మీట, అంటే ఈ నెట్‌వర్క్‌లో డేటా పరిమితం, పొదుపుగా వాడు అని విండోస్‌కి చెప్పేది. రోజువారీ డేటా ప్యాక్ మీద కంప్యూటర్ నడుపుకునే ఇళ్లలో దాని విలువ తెలుస్తుంది. నాలుగేళ్లుగా దాన్ని నమ్ముకుని పని చేస్తున్నాను, ముందు విండోస్ 10లో, ఇప్పుడు 11లో. మధ్యలో ఒక్కసారి అది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అది ఎవరికైనా జరగొచ్చు.

మాది తెనాలి. ఇంట్లో ఒక డెస్క్‌టాప్, దాని వెనక గుచ్చిన చిన్న వైఫై డాంగిల్. కిరాణా, ఫ్యాన్సీ, సిమెంట్ షాపుల వాళ్లకి పద్దులు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. ఇంటికి ఫైబర్ ఉంది. అయితే మా వీధిలో ఎవరు ఏ పనికి గునపం దించినా ముందు తెగేది ఆ తీగే. అప్పుడు ఇక ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. నా ఫోన్‌లో ఉన్నది రోజుకి 1.5 జీబీ ప్యాక్. అది అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడ్‌లో జీఎస్టీ పోర్టల్ తెరిస్తే క్యాప్చా బొమ్మ రావడానికే తాతలు దిగివస్తారు.

మనం ఒకసారి కలిపిన ప్రతి వైఫైకీ విండోస్ ఒక ప్రొఫైల్ రాసి పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ ఏ రకం, కనపడగానే దానంతట అది కలవాలా వద్దా, ఇవన్నీ అందులో ఉంటాయి. మీటర్డ్ అనేది కూడా ఆ ప్రొఫైల్‌కే అతుక్కుని ఉంటుంది. నాకు నచ్చింది సరిగ్గా ఇదే. మొత్తం కంప్యూటర్‌కి ఒకటే మీట అయ్యుంటే రోజూ వేస్తూ తీస్తూ కూర్చోవాలి. ఇది అలా కాదు. ఇంటి ఫైబర్ ప్రొఫైల్‌లో ఆఫ్, హాట్‌స్పాట్ ప్రొఫైల్‌లో ఆన్. ఫైబర్ మీద ఉన్నంతసేపూ అప్‌డేట్లు వాటి దారిన అవి దిగుతుంటాయి. హాట్‌స్పాట్‌కి మారిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ పెద్ద డౌన్‌లోడ్లు ఆపేస్తుంది, స్టోర్‌లోని యాప్‌లు ఆగుతాయి, వన్‌డ్రైవ్ సింక్ పాజ్ అవుతుంది. మళ్లీ ఫైబర్ వచ్చాక ఆగినవన్నీ అవే మొదలవుతాయి. ఒక్కసారి పెట్టుకుంటే చాలు, ఇక దాని గురించి ఆలోచించే పనే లేదు.

పెట్టుకోవడం కష్టమేమీ కాదు. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్, అక్కడ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే లోపల కనిపిస్తుంది. సేవ్ అయిన ప్రొఫైల్ అయితే ఆ సమయంలో హాట్‌స్పాట్ ఆన్‌లో లేకపోయినా మార్చుకోవచ్చు.

ఇంకో మంచి విషయం వాడగా వాడగా తెలిసింది. కంప్యూటర్ నెట్‌వర్క్‌ని గుర్తుపట్టేది ముఖ్యంగా దాని పేరును బట్టి. ఫైబర్ వాళ్లు రౌటర్ మార్చినప్పుడు కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టమన్నాను. వచ్చినబ్బాయి “ఎందుకు మేడమ్, కొత్తది పెట్టుకోండి” అన్నాడు. “వద్దు బాబూ, అదే ఉంచు” అన్నాను. రౌటర్ ఆన్ అవగానే కంప్యూటర్, ప్రింటర్, టీవీ, అందరి ఫోన్లూ వాటంతట అవే కలిశాయి. మరి హాట్‌స్పాట్‌కీ అదే వర్తించాలి కదా. ఫోన్ మారినా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడితే ప్రొఫైల్ అదే, మీటర్డ్ గుర్తూ అదే. చాలావరకు ఇది నిజమే.

కిందటేడు ఫోన్ మార్చాను. కొత్త ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి పాత పేరూ పాత పాస్‌వర్డే పెట్టాను. మా అమ్మాయి ఫోన్ వెంటనే కలిసింది. కంప్యూటర్ మాత్రం ఈ నెట్‌వర్క్‌కి కనెక్ట్ కాలేను అంటూ మొరాయించింది. కారణం సెక్యూరిటీ రకం. పాత ఫోన్ డబ్ల్యూపీఏ2తో నడిచేది, ప్రొఫైల్‌లోనూ అదే రాసి ఉంది. కొత్త ఫోన్‌లో హాట్‌స్పాట్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంది. పేరు కలిసినా రకం కలవలేదు. ఇలాంటప్పుడు అందరూ చేసేదే చేశాను. ‘ఫర్‌గెట్’ నొక్కి, మళ్లీ పేరు మీద నొక్కి, పాస్‌వర్డ్ కొట్టాను. రెండు క్షణాల్లో కలిసింది. తెర మీద అంతా మునుపటిలాగే ఉంది: అదే పేరు, అదే వైఫై గుర్తు.

కానీ ‘ఫర్‌గెట్’ నొక్కినప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే పోదు. ప్రొఫైల్ మొత్తం పోతుంది, దాంతోపాటు మీటర్డ్ గుర్తూ పోతుంది. మళ్లీ పుట్టిన ప్రొఫైల్‌లో అది ఆఫ్‌లో ఉంటుంది, ఎందుకంటే వైఫై ఏదైనా లెక్కలేని కనెక్షన్ అనే విండోస్ మొదట అనుకుంటుంది. ఈ మాట అది నాతో చెప్పలేదు, అడగనూ లేదు. ఫైబర్ సరిగ్గా పనిచేస్తున్నన్నాళ్లూ హాట్‌స్పాట్ అవసరం పడలేదు కాబట్టి సంగతి బయటపడలేదు.

బయటపడింది 20వ తేదీన. నెలనెలా 3బీ అనే జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకి అదే ఆఖరు రోజు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే ఫైబర్ పెట్టె మీద, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోంది. వీధి చివర కాలువ పని కోసం తవ్వుతున్నారు. ఫిర్యాదు చేస్తే రేపు వస్తామన్నారు. పెద్ద కంగారేం పడలేదు, హాట్‌స్పాట్ ఆన్ చేసి కూర్చున్నాను. మిగిలినవి కొన్ని రిటర్నులే. వాటికి 1.5 జీబీ ఎంత, అందులో పదో వంతు కూడా పట్టదు.

సిమెంట్ షాపాయన రిటర్న్ తీసి, కొనుగోళ్ల క్రెడిట్‌ని పోర్టల్ ఇచ్చే 2బీ పట్టీతో సరిచూసి, చలానా కట్టించి, ఫైల్ చేసే చోటికి వచ్చాను. సంతకం బదులు ఓటీపీతో ఫైల్ చేసే ఈవీసీ నొక్కితే ఆ ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళుతుంది. ఆయన ఫోన్ చేసి “అమ్మా, వచ్చింది, చెప్పమంటారా?” అన్నారు. “చెప్పండి బాబాయిగారూ” అని అంకెలు కొట్టాను. పేజీ మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. ఆఖరు రోజు కదా, పోర్టల్ మీద రద్దీ అనుకున్నాను. ఇంతలో వంటింట్లోంచి అమ్మాయి కేకేసింది: “అమ్మా, నీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఇవాళ్టి డేటా తొంభై శాతం అయిపోయిందట.”

అరగంట కూడా కాలేదు. వీడియో ఒక్కటీ తెరవలేదు. టాస్క్ మేనేజర్ తీసి నెట్‌వర్క్ వరుస నొక్కాను. బ్రౌజర్ ఎక్కడో కింద ఉంది. అన్నిటికన్నా పైన ‘సర్వీస్ హోస్ట్: డెలివరీ ఆప్టిమైజేషన్’ అని, విండోస్ అప్‌డేట్లు దించే సర్వీసుది ఒక వరుస, దాని పక్కన అంకె ఎగిరెగిరి పడుతోంది. విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఆ నెల అప్‌డేట్ 71 శాతం దిగి ఉంది. పాజ్ నొక్కాను, మీటర్డ్ ఆన్ చేశాను. ఆ రెండూ చేసేలోపే నూరు శాతం మెసేజ్ కూడా వచ్చేసింది. బాబాయిగారి ఓటీపీ గడువు దాటిపోయింది.

ఆ కాసేపూ పడ్డ టెన్షన్ నేను మర్చిపోను. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల లేట్ ఫీ, అమ్మకాలు లేని నిల్ రిటర్న్ అయితే 20. పన్ను బాకీ ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. డబ్బు ఎంతన్నది ఒక సంగతి. మనల్ని నమ్మి పద్దులు అప్పగించిన మనిషికి లేట్ ఫీ పడితే, ఆ మాట ఆయన నోటి నుంచి ఊళ్లో ఇంకో నాలుగు షాపులకి పోతుంది. నాకు పని వచ్చేది ఆ షాపుల నుంచే.

అమ్మాయి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేయించాను. అది కొత్త పేరు, అంటే కొత్త ప్రొఫైల్. కలిసిన వెంటనే, బ్రౌజర్ కూడా తెరవకముందే, దాంట్లో మీటర్డ్ ఆన్ చేశాను. ఆ తర్వాత అన్నీ సాఫీగా సాగాయి. బాబాయిగారు రెండోసారి ఓటీపీ చెప్పారు, రిటర్న్ ఫైల్ అయినట్టు ఏఆర్ఎన్ నంబర్ వచ్చింది. మిగతావి కూడా రాత్రి భోజనాల వేళకి పూర్తయ్యాయి. అమ్మాయి ఫోన్‌లో సగం డేటా ఇంకా మిగిలే ఉంది. అదే కంప్యూటర్, అదే పని, తేడా అల్లా ఆ మీటే.

మర్నాడు తీరిగ్గా కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ కమాండ్‌తో రెండు హాట్‌స్పాట్ ప్రొఫైళ్లూ తీసి చూశాను. చివర్లో ‘కాస్ట్ సెట్టింగ్స్’ అని ఒక భాగం ఉంటుంది. మీటర్డ్ ఆన్ చేసినదాంట్లో కాస్ట్ దగ్గర ‘ఫిక్స్‌డ్’ అని కనపడుతుంది. ముట్టుకోని ప్రొఫైల్‌లో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని, దాని సోర్స్ ‘డిఫాల్ట్’ అని ఉంటుంది. అంటే విండోస్‌కి తన లెక్కలో ఈ తేడా స్పష్టంగా తెలుసు. కొత్త వైఫైకి కలవగానే అది పబ్లిక్ నెట్‌వర్కా ప్రైవేటా అన్నది పట్టించుకుంటుంది. దీనికి డేటా పరిమితి ఉందా అని ఒక్క ముక్క అడిగితే ఏం పోయింది? కనీసం ‘ఫర్‌గెట్’ నొక్కినప్పుడు, ఈ నెట్‌వర్క్‌కి మీరు పెట్టుకున్న సెట్టింగ్స్ కూడా పోతాయని ఒక వాక్యం చూపించాలి. నా కోపమంతా దీని మీదే, ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి ఒక్కసారి పెట్టుకుంటే చాలని పైన అన్నది ఆ ప్రొఫైల్ బతికున్నంతవరకే. మీటర్డ్ పెట్టాం కదా అని డేటాకి పూర్తిగా తాళం పడ్డట్టు కూడా అనుకోకూడదు. అది విండోస్‌కీ, ఆ గుర్తుని గౌరవించే ప్రోగ్రాములకీ మాత్రమే వర్తిస్తుంది. బ్రౌజర్‌లో వీడియో పెడితే అది ఎప్పటిలాగే డేటా తాగుతుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ చేస్తే విండోస్ దాన్ని ఈథర్‌నెట్ అనుకుంటుంది, వైఫై ప్రొఫైల్‌లో పెట్టింది అక్కడ పనికిరాదు, మళ్లీ విడిగా ఆన్ చేసుకోవాలి. కొత్త ప్రింటర్ తగిలించిన రోజు హాట్‌స్పాట్ మీద ఉంటే డ్రైవర్ దిగదు. మీటర్డ్‌లో కూడా డ్రైవర్లు దించమని వేరే చోట చెప్పాలి, లేదా ఫైబర్ వచ్చేదాకా ఆగాలి. ఇక డేటా లిమిట్ అని ఇంకో సదుపాయం ఉంది. నా కంప్యూటర్‌లో అందులో నెలవారీ, ఒక్కసారి, పరిమితి లేనిది అనేవే కనిపిస్తున్నాయి. మన ప్యాకులన్నీ రోజువారీ లెక్క, అర్ధరాత్రి దాటితే కొత్త కోటా. ఆ లెక్క అందులో ఇమడదు కాబట్టి నేను దాన్ని వాడటం మానేశాను.

ఇంకొక్కటి కూడా చెప్పాలి. ఫైబర్ తెగినా రౌటర్‌కి కరెంట్ ఉంటే వైఫై సిగ్నల్ నిండుగానే ఉంటుంది. కంప్యూటర్ దాన్నే పట్టుకుని ‘నో ఇంటర్నెట్’ అంటూ కూర్చుంటుంది తప్ప పక్కనే ఉన్న హాట్‌స్పాట్‌కి తనంతట తాను పోదు. మనమే మార్చాలి. అలా మార్చిన తర్వాత కొన్నాళ్లపాటు నా కంప్యూటర్, రెండూ అందుబాటులో ఉన్నా, హాట్‌స్పాట్ వైపే మొగ్గు చూపింది. అందుకని ఇప్పుడు హాట్‌స్పాట్ ప్రొఫైళ్లలో ‘కనెక్ట్ ఆటోమేటిక్‌గా’ అన్నది తీసేశాను. కావాలన్నప్పుడు నేనే నొక్కుతాను.

ఇన్ని చెప్పినా, ఈ మీట లేని కంప్యూటర్‌తో ఇంటి నుంచి ఈ పని చేయమంటే నేను చేయలేను. ఫైబర్ ఎప్పుడూ తెగని అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి, అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ ఉన్నవాళ్లకి ఇందులో పెద్దగా పని ఉండకపోవచ్చు. మీటర్డ్‌ని ఫైబర్ ప్రొఫైల్‌లో కూడా ఎప్పటికీ ఆన్‌లోనే ఉంచే స్నేహితులున్నారు, అప్‌డేట్ల బెడద ఉండదని. సెక్యూరిటీ అప్‌డేట్లు వెనకబడతాయి కాబట్టి నేనది చేయను. నా కంప్యూటర్‌లో ఉన్నవి ఇతరుల పద్దులు.

ఫోన్ మార్చబోతున్నవాళ్లు మాత్రం హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ చూసుకోండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక చాలా ఫోన్లలో ఉంటుంది. అది ఎంచుకుని పాత పేరూ పాస్‌వర్డే ఉంచితే మామూలుగా పాత ప్రొఫైలే పట్టుకుంటుంది, ‘ఫర్‌గెట్’ నొక్కే అవసరం రాదు. నొక్కాల్సి వస్తే, మళ్లీ కలిపిన వెంటనే ముందు ఆ మీట దగ్గరికి వెళ్లండి.